సీసా మీది శాతం వేరు, చర్మంలోకి దిగే మోతాదు వేరు

రాసుకున్న సీరమ్ చర్మం లోపలి పొరల దాకా వెళ్లి పనిచేస్తుందని సౌందర్య సాధనాల ప్రకటనలు తరచుగా చెబుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మం విషయంలో ఈ మాటలో నిజం చాలా తక్కువ. బయటి వస్తువును బయటే ఆపడం చర్మానికి ఉన్న ముఖ్యమైన పని. ఆ పని అది ఎంత గట్టిగా చేస్తుందో 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందుతో చేసిన కొలతలు చూపించాయి. ముంజేతి మీద రాసిన మందులో ఒంట్లోకి చేరింది దాదాపు 1 శాతం. అదే మందు నుదుటి మీద రాస్తే అంతకు 6 రెట్లు, దవడ మూల దగ్గర 13 రెట్లు, వృషణాల సంచి మీద 42 రెట్లు లోపలికి వెళ్లింది. అరికాలి దగ్గర మాత్రం ముంజేతి లెక్కలో ఏడో వంతు కూడా దాటలేదు. మందు మారలేదు, గాఢత మారలేదు, రాసిన చోటు మారిందంతే.

చర్మ సౌందర్య చికిత్సలు మార్చేది చోటును కాదు, చర్మాన్నే. ఆమ్లం వంటి వాటితో పై పొరను రాల్చే కెమికల్ పీల్ అయినా, సన్నటి సూదులున్న డెర్మారోలర్ అయినా, చుక్కలు చుక్కలుగా వేసే ఫ్రాక్షనల్ లేజర్ అయినా, వీధి చివరి పార్లర్‌లో చేసే వ్యాక్సింగ్ అయినా, బయటి వస్తువును ఆపే పొరను ఎంతో కొంత తీసేస్తాయి, లేదా దానికి సన్నటి రంధ్రాలు పెడతాయి. చికిత్సకు ముందు రోజు రాసుకున్న క్రీమునే మర్నాడు రాసుకుంటే, డబ్బా మీది శాతం అదే అయినా ఒంటికి అందే మోతాదు మారిపోతుంది. క్లినిక్‌లు ఈ సంగతిని లాభంగా చెప్పి అమ్ముతున్నాయి; అది నిజంగా లాభమయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. కానీ తెరుచుకున్న దారిలో దేన్ని పోనివ్వాలో, దేన్ని ఆపాలో ఎంచుకునే శక్తి ఆ చర్మానికి ఉండదు. మేలు చేసే పదార్థంతో పాటు అదే సీసాలోని సువాసన ద్రవ్యం, నిల్వ కోసం కలిపిన రసాయనం, మూత తీసినప్పుడల్లా చేరిన సూక్ష్మక్రిములు కూడా ఆ దారినే దిగుతాయి.

ఈ అడ్డుగోడ పేరు స్ట్రాటమ్ కార్నియం. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే ఒంటి మీద చాలా చోట్ల దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తలవెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. అందులో పదిహేను ఇరవై వరుసల చదునైన మృతకణాలు ఉంటాయి. వాటి మధ్య సందులను సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు పదార్థం నింపి ఉంటుంది. ఇటుకలు, వాటి మధ్య సున్నం అని శాస్త్రజ్ఞులు దీన్ని పోల్చి చెబుతారు. చర్మం మీద రాసిన పదార్థం చాలావరకు ఆ సున్నం గుండా, ఇటుకల చుట్టూ తిరుగుతూ, వంకర దారిలో పోవలసి ఉంటుంది. అందుకు అది జిడ్డులో కొంతైనా కరగాలి, దాని అణువు చిన్నదై ఉండాలి. చర్మానికి అలర్జీ తెప్పించే పదార్థాలు, పూతగా వాడే మందులు దాదాపు అన్నీ 500 డాల్టన్ల (డాల్టన్ అణువు బరువును కొలిచే ప్రమాణం) లోపు బరువున్నవేనని, అంతకంటే పెద్ద అణువులు ఆరోగ్యకరమైన చర్మాన్ని దాటడం కష్టమని 2000లో బాస్, మైనార్డి వాదించారు. అప్పటి నుంచి ఆ అంకె ఈ రంగంలో ఒక హద్దుగా నిలిచిపోయింది.

ఈ హద్దును దగ్గర పెట్టుకుని సీరమ్ సీసాల వెనుక జాబితా చదివితే ప్రకటనల బలం ఎంతో తేలిపోతుంది. నియాసినమైడ్ బరువు 122 డాల్టన్లు, సాలిసిలిక్ ఆమ్లం 138, ట్రానెక్సామిక్ ఆమ్లం 157, విటమిన్ సి 176, విటమిన్ ఎ జాతికి చెందిన ట్రెటినాయిన్ 300. పరిమాణం ఒక్కటే చూస్తే ఇవన్నీ దాటగలిగినవే. కొల్లాజెన్ అణువు సుమారు 3 లక్షల డాల్టన్లు ఉంటుంది. హైయలురానిక్ ఆమ్లం ముక్కలు చేయనిదైతే 10 లక్షలు దాటుతుంది. ఈ రెండూ పైన తేమను పట్టి ఉంచి ముఖాన్ని నిగనిగలాడిస్తాయి గాని లోపలికి దిగవు. విటమిన్ సి చిన్నదే అయినా నీటిలో కరిగేది, పైగా విద్యుదావేశం కలది కాబట్టి జిడ్డు దారిలో దానికి చోటు దొరకదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో షెల్డన్ పిన్నెల్ బృందం 2001లో పంది చర్మం మీద చేసిన పరీక్షల్లో, ద్రావణం పీహెచ్ (ఆమ్లగుణాన్ని కొలిచే అంకె; తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3.5 కన్నా తక్కువగా ఉన్నప్పుడే విటమిన్ సి చెప్పుకోదగినంత లోపలికి వెళ్లింది; గాఢత 20 శాతం దాటాక పెంచి లాభం లేకపోయింది. అందుకే నాణ్యమైన విటమిన్ సి సీరమ్‌లను ఘాటైన ఆమ్లంగానే తయారు చేస్తారు. ఆరోగ్యకరమైన చర్మాన్ని దాటించడం కోసం చేసిన ఈ ఏర్పాటే, చర్మానికి రంధ్రాలు పెట్టాక ఇబ్బంది తెచ్చిపెడుతుంది.

లెక్క విషయానికి వస్తే, ఒక పదార్థం చర్మాన్ని దాటే వేగం దాని గాఢతను బట్టి, జిడ్డు పొరతో దానికున్న పొత్తును బట్టి పెరుగుతుంది. అడ్డుగా ఉన్న పొర మందాన్ని బట్టి తగ్గుతుంది. రాసిన విస్తీర్ణం, ఉంచిన సమయం ఈ వేగానికి తోడై మొత్తం మోతాదును నిర్ణయిస్తాయి. వినియోగదారు కంటికి కనిపించేది వీటిలో గాఢత ఒక్కటే, ఎందుకంటే సీసా మీద అచ్చు వేసేది దాన్నే. చికిత్సలు మార్చేవి మిగిలినవన్నీ. ఆ మార్పు కూడా అన్ని పదార్థాలకూ ఒకేలా ఉండదు. జిడ్డులో కరిగే ట్రెటినాయిన్ వంటి రెటినాయిడ్‌కు మొదటి నుంచీ కొంత దారి ఉంది కనుక పొర తీసేస్తే దానికి కలిసొచ్చేది ఓ మోస్తరు. నీటిలో కరిగే విటమిన్ సి, ట్రానెక్సామిక్ ఆమ్లం వంటి వాటికి అంతకుముందు తలుపే లేదు. అందువల్ల పొర దెబ్బతిన్నప్పుడు వాటి ప్రవేశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పీల్ లేదా రోలర్ తర్వాత ఏది రాయాలి, ఏది రాయకూడదు అనే ప్రశ్నకు సగం జవాబు ఈ తేడాలోనే ఉంది. అయినా పార్లర్ల ప్యాకేజీలు తయారు చేసేవారు దీన్ని పట్టించుకున్న ఆనవాళ్లు తక్కువ.

తేలికపాటి చికిత్సలను త్వరగా చూసి ముందుకు పోవచ్చు. ఆవిరి పట్టినా, షీట్ మాస్క్ కప్పినా స్ట్రాటమ్ కార్నియం నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, దాని సందులు సడలుతాయి. కప్పి ఉంచడం చిన్న విషయమేమీ కాదు: స్టెరాయిడ్ పూతల మీద ప్లాస్టిక్ పొర చుడితే వాటి ప్రభావం పది రెట్లు, కొన్నిసార్లు అంతకు మించి పెరుగుతుందని 1960ల నుంచే తెలుసు. రాసిన స్టెరాయిడ్ పై పొరలో నిల్వ ఉండిపోయి, రోజుల తర్వాత అదే చోట మళ్లీ ప్లాస్టిక్ కప్పితే తిరిగి పనిచేయడం మొదలుపెడుతుందని 1963లో వికర్స్ చూపించాడు. మన ఇళ్లలో పెళ్లికి ముందు పెట్టే నలుగు కూడా ఒక రకమైన పొర తీత పనే. సున్నిపిండితో గట్టిగా రుద్దినప్పుడు జిడ్డుతో పాటు పై వరుస మృతకణాలు కొన్ని రాలిపోతాయి. నలుగు ఒక్కటైతే ఇబ్బంది లేదు. కానీ ఇప్పటి పెళ్లికూతుళ్లకు రెండు మూడు రోజుల తేడాలోనే వ్యాక్సింగ్, బ్లీచ్, ఫేషియల్, ఆపైన నలుగు వరసగా జరుగుతున్నాయి. వ్యాక్స్ పట్టీ వెంట్రుకతో పాటు మృతకణాల పొరను కూడా లాగేస్తుంది, వెంట్రుక కుదుళ్లను తెరిచి వదిలేస్తుంది. అమ్మోనియా కలిసిన బ్లీచ్ చర్మం సహజంగా నిలుపుకునే స్వల్ప ఆమ్లగుణాన్ని పోగొడుతుంది. పొరను తిరిగి కట్టే ఎంజైములు ఆ ఆమ్లగుణం మీదే ఆధారపడతాయి. అలాంటి చర్మం మీద పసుపు, అత్తరు, డియోడరెంట్, మేకప్ పడినప్పుడు మంట, దద్దుర్లు వస్తే పసుపు కల్తీదనో మేకప్ నకిలీదనో అనుకుంటారు. చాలాసార్లు తేడా వచ్చేది రెండు రోజుల ముందు చేసిన పని దగ్గర.

కెమికల్ పీల్ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. పీల్ అంటే చర్మం మీద రాసే పదార్థమే కాబట్టి, తర్వాత రాసే వాటి ప్రవేశాన్ని పెంచడానికి ముందే, అది తాను ఎంత లోతుకు దిగుతుందో ముందున్న చర్మస్థితి మీద ఆధారపడుతుంది. గ్లైకాలిక్ ఆమ్లం పీల్‌ను నిమిషాల లెక్కన ఉంచి, సోడా బైకార్బొనేట్ ద్రావణంతో ఆపేస్తారు. టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం) పీల్‌కు అలా ఆపడం ఉండదు. ఎన్ని పూతలు వేశారు, ఎంత ఒత్తి రాశారు అన్నదాన్ని బట్టి లోతు తేలుతుంది. పీల్‌కు ముందు ముఖాన్ని స్పిరిట్‌తోనో అసిటోన్‌తోనో తుడిచేది జిడ్డు వదిలించడానికే. ఒక చెంప బాగా తుడిచి, రెండోది పైపైన తుడిస్తే అదే ద్రావణం రెండు వైపులా రెండు లోతులకు దిగుతుంది. ట్రెటినాయిన్‌ను కొన్ని వారాల ముందు నుంచి రాయిస్తే పై పొర పలచబడి పీల్ సమంగా దిగుతుంది. కానీ క్లయింట్ తన అంతట తాను రాత్రిపూట రెటినాల్ రాసుకుంటున్న సంగతి చెప్పకపోతే, తేలికపాటి పీల్ అనుకున్నది మధ్యస్థాయి పీల్‌గా మారే అవకాశం ఉంది. గోధుమ, చామనఛాయ చర్మాల్లో దాని ఫలితం నెలల తరబడి ఉండే నల్లమచ్చ.

పీల్ పదార్థం చర్మంతో ఆగకుండా రక్తంలోకి చేరే సందర్భాలు కూడా ఉన్నాయి. సాలిసిలిక్ ఆమ్లాన్ని 30 శాతం గాఢతతో వీపు, ఛాతీ, చేతులు అంతటా ఒకేసారి రాస్తే చెవుల్లో హోరు, తల తిరగడం వంటి విష లక్షణాలు కనిపించవచ్చు. లోతైన ఫినాల్ పీల్ గుండె లయను చెదరగొట్టగలదు. అందుకే దాన్ని ముఖంలో ఒక్కో భాగానికి మధ్య పది పదిహేను నిమిషాల విరామమిస్తూ, సెలైన్ ఎక్కిస్తూ, ఈసీజీ చూస్తూ చేస్తారు. మన చర్మాలకు రంగు పోయే ప్రమాదం వల్ల ఇక్కడ దాని వాడకం అరుదు. అయినా ముఖం అంత చిన్న విస్తీర్ణం నుంచి గుండెను తాకేంత మోతాదు లోపలికి వెళ్లగలదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

సన్నటి స్ఫటికాలతో లేదా వజ్రపు మొనతో గీరే మైక్రోడెర్మాబ్రేషన్ పై పొరను పలచన చేస్తుంది. దాని తర్వాత, అలాగే పై పొరను పలచగా చెక్కే ఎర్బియం లేజర్ తర్వాత, విటమిన్ సి ప్రవేశం బాగా పెరుగుతుందని తైవాన్ పరిశోధకులు 2003లో చూపించారు. గాల్వానిక్ ఫేషియల్‌లో సన్నటి విద్యుత్తు ఆవేశమున్న అణువులను లోపలికి తోస్తుంది. గాల్వానిక్ యంత్రం ప్రభావం దాన్ని ఆపిన కొద్దిసేపటికే తగ్గుతుంది. అసలు తెరుచుకునే దారి సూదులది, లేజర్‌ది.

సన్నటి సూదులతో చర్మానికి రంధ్రాలు పెట్టే మైక్రోనీడ్లింగ్ పరికరాల్లో బాగా తెలిసిన రోలర్‌కు 192 సూదులుంటాయి. ఇంట్లో వాడేందుకు అమ్మేవాటి సూది పొడవు తరచుగా పావు మిల్లీమీటరు. క్లినిక్‌లో మొటిమల గుంటలకు వాడేది ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉంటుంది. ముఖం మీద చర్మపు పై భాగమంతా, అంటే ఎపిడెర్మిస్ మొత్తం కలిపినా, మందం పదో వంతు మిల్లీమీటరుకు అటూ ఇటూ. కాబట్టి చర్మం కొంత లొంగి సూది పూర్తిగా దిగకపోయినా, చిన్న రోలర్ కూడా అడ్డుగోడను దాటేస్తుంది. క్లినిక్‌లో పని జరిగే తీరు ఇలా ఉంటుంది: మత్తు క్రీము తుడిచి, చర్మాన్ని రెండు వేళ్లతో బిగబట్టి, రోలర్‌ను నిలువుగా, అడ్డంగా, ఐమూలగా నాలుగైదుసార్లు దొర్లిస్తారు, చెంప ఎర్రబడి, సూదిమొనంత రక్తపు చుక్కలు వరసగా పొటమరిస్తాయి. సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డతో అద్దేశాక సీరమ్ చుక్కలు వేస్తారు. తక్కిన రోజుల్లో నిమిషాలపాటు జిగటగా ముఖం మీదే ఉండిపోయే ద్రవం, అప్పుడు చూస్తుండగానే మాయమవుతుంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో మార్క్ ప్రాస్నిట్జ్ బృందం 1998లో మానవ చర్మం మీద సూక్ష్మ సూదులను పరీక్షించినప్పుడు, మామూలుగా దాటలేని 623 డాల్టన్ల రంగు పదార్థం ప్రవేశం వెయ్యి రెట్లకు పైగా పెరిగింది. ఆ పరిశోధన ఉద్దేశం మందులు, టీకాలు ఇవ్వడం. అక్కడ లోపలికి పంపేది ఏమిటో, ఎంతో, ఎంత శుభ్రంగా ఉందో ముందే నిర్ణయించి ఉంటుంది. సౌందర్య చికిత్సలో ఆ మూడూ తరచుగా సీసా తయారీదారుకే వదిలేస్తారు.

ఆ దారి ఎంతసేపు తెరిచి ఉంటుందనేది తర్వాతి ప్రశ్న. గాలి తగిలేలా వదిలేస్తే సూది రంధ్రాలు కొన్ని గంటల్లోనే చాలావరకు మూసుకుపోతాయి. ప్లాస్టిక్ పొరో, షీట్ మాస్కో, దళసరి ఆయింట్‌మెంటో కప్పి ఉంచితే ఒకటి రెండు రోజుల దాకా తెరిచి ఉండవచ్చు. రోలర్ చేసిన వెంటనే మాస్క్ వేసి ఇంటికి పంపే పద్ధతి వల్ల ఈ గడువు పెరుగుతోంది. మాస్క్‌లో ఉన్నది శుభ్రమైన సెలైన్ అయితే నష్టం లేదు. కానీ అందులో సాధారణంగా సువాసన, మొక్కల సారాలు, నిల్వ రసాయనాలు కలిపి పాతిక పదార్థాలదాకా ఉంటాయి.

దీని పర్యవసానాన్ని 2014లో జామా డెర్మటాలజీ పత్రికలో వచ్చిన ఒక నివేదిక నమోదు చేసింది. మైక్రోనీడ్లింగ్ తర్వాత ముగ్గురు మహిళల ముఖాల మీద గట్టి ఎర్రటి బుడిపెలు లేచి ఎంతకీ తగ్గలేదు. బయాప్సీలో తేలింది గ్రాన్యులోమా, అంటే బయటి నుంచి వచ్చిన పదార్థం చుట్టూ రోగనిరోధక కణాలు చేరి కట్టుకున్న గడ్డ. వారిలో ఇద్దరికి రోలర్‌తో పాటు రాసింది విటమిన్ సి సీరమ్. చర్మానికి అంటించి అలర్జీ చూసే ప్యాచ్ పరీక్షలో ఆ సీరమ్‌కు వారి చర్మం ప్రతిస్పందించింది. ఇలాంటి సీరమ్‌ను రోజూ రాసుకునేవారు లక్షల్లో ఉన్నారు, వారిలో అత్యధికులకు ఏమీ కాదు. పైన రాయడానికి తయారైన వస్తువు రోగనిరోధక కణాలు కాపలా కాసే లోపలి పొరకు నేరుగా చేరినప్పుడు అది వేరే వస్తువవుతుంది. పైగా ఆ లోపలి పొర పీహెచ్ 7.4 దగ్గర ఉంటుంది, 3.5 కన్నా తక్కువ పీహెచ్ ఉన్న ద్రావణం అక్కడికి దిగితే ముందుగా జరిగేది పోషణ కాదు, మంట. అసలు తలుపు తెరిచాక ఆమ్లగుణం అవసరమే లేదు. ఆ ఏర్పాటు మూసిన తలుపు కోసం చేసింది.

ఫ్రాక్షనల్ లేజర్ కథ 2004లో డీటర్ మాన్‌స్టైన్, రాక్స్ ఆండర్సన్ బృందం ప్రచురించిన పద్ధతితో మొదలైంది. చర్మమంతా కాల్చకుండా, వందలాది సన్నటి నిలువు గీతలుగా వేడిని దించి, మధ్య చర్మాన్ని చెక్కుచెదరకుండా వదలడం దాని కిటుకు. తర్వాత వచ్చిన కార్బన్ డయాక్సైడ్, ఎర్బియం ఫ్రాక్షనల్ లేజర్లు ఆ గీతల చోట కణజాలాన్ని ఆవిరి చేసి నిజమైన రంధ్రాలను మిగులుస్తాయి. ఈ రంధ్రాలను మందు దించే దారులుగా వాడవచ్చని 2010లో మెరెటే హేడర్స్‌డాల్ బృందం పంది చర్మం మీద చూపించింది. వారు వాడింది చర్మ క్యాన్సర్ ముందస్తు దశల్లో కాంతి చికిత్సకు పూతగా రాసే మందు. అది లేజర్ రంధ్రాల ద్వారా మామూలుగా చేరలేని లోతుకు చేరింది. ఆ తర్వాత కాలిన మచ్చల మీద, ఉబ్బెత్తు మచ్చల మీద లేజర్ వేసి వెంటనే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు వేయడం చాలా చోట్ల వాడుకలోకి వచ్చింది. ఇక్కడ వాడేది ఇంజెక్షన్ కోసం తయారైన శుభ్రమైన మందు. సీసాలోని సీరమ్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా అదే.

సూదుల దారిని తెలివిగా వాడుకున్న ఉదాహరణ మన పక్కనే ఉంది. 2013లో బెంగళూరు వైద్యులు మంగు మచ్చలున్న 60 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని సన్నటి ఇంజెక్షన్లుగా, రెండో జట్టుకు మైక్రోనీడ్లింగ్ తర్వాత పూతగా ఇచ్చారు. మచ్చల తీవ్రతను కొలిచే స్కోరు మొదటి జట్టులో దాదాపు 36 శాతం, రెండో జట్టులో 44 శాతం తగ్గింది. ఇది చిన్న పరీక్షే. ఒక్కదానితో తీర్పు చెప్పలేం. అయినా ఆ ఎంపికలో అర్థముంది: నీటిలో కరిగే చిన్న అణువు, ఇంజెక్షన్ రూపంలో శుభ్రంగా దొరికే మందు, సువాసనలు లేని ద్రావణం, పరిమితమైన విస్తీర్ణం.

ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం మాత్రం సీరమ్‌లలో కాక, చికిత్సకు ముందు రాసే మత్తు క్రీముల్లో ఉంది. నొప్పి తెలియకుండా చేసే లిడోకైన్ రక్తంలో హద్దు దాటితే మొదట నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో మోత వస్తాయి, తర్వాత మూర్ఛ వస్తుంది, ఆపైన గుండె లయ తప్పుతుంది. అడ్రినలిన్ కలపకుండా ఇంజెక్షన్‌గా ఇచ్చేటప్పుడు కిలో శరీర బరువుకు 4.5 మిల్లీగ్రాములు, మొత్తం మీద 300 మిల్లీగ్రాములు మించకూడదని వైద్యులు పాటించే హద్దు. ఇప్పుడు క్రీము లెక్క చూద్దాం. మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేది లిడోకైన్ 2.5 శాతం, ప్రిలోకైన్ అనే మరో మత్తు మందు 2.5 శాతం కలిసినది. 30 గ్రాముల ట్యూబులో లిడోకైన్ 750 మిల్లీగ్రాములుంటుంది. ఆరోగ్యకరమైన చర్మం మీద, చెప్పిన విస్తీర్ణంలో రాస్తే అందులో కొద్ది భాగమే లోపలికి పోతుంది కనుక అది భద్రమైన మందే. అదే 10 శాతం క్రీమైతే 30 గ్రాముల్లో 3,000 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు రక్తంలోకి చేరినా హద్దు అందుకున్నట్టే.

ఆ పదో వంతు చేరడానికి కావలసినవన్నీ లేజర్ హెయిర్ రిమూవల్‌లో ఒకేచోట కుదురుతాయి: రేజర్‌తో గీసిన చర్మం, రెండు కాళ్ల మేర విస్తీర్ణం, పైన చుట్టిన ప్లాస్టిక్ పొర, గంటకు పైగా నిరీక్షణ. అమెరికాలో 22 ఏళ్లు, 25 ఏళ్లు వయసున్న ఇద్దరు మహిళలు ఇలా కాళ్లకు క్రీము రాసి ప్లాస్టిక్ చుట్టుకున్నాక మూర్ఛలు వచ్చి, కోమాలోకి వెళ్లి చనిపోయారు. వారు వాడింది లిడోకైన్, టెట్రాకైన్ అనే మత్తు మందులు ఎక్కువ మోతాదులో ఉన్న, ఫార్మసీలు కలిపి తయారు చేసిచ్చిన క్రీములు. ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007 ఫిబ్రవరిలో దీని మీద బహిరంగ హెచ్చరిక జారీ చేసింది. మన దగ్గర ముఖానికి రాసే క్రీము పరిమాణం తక్కువే అయినా, ఒక అలవాటు జాగ్రత్తగా చూడవలసింది ఉంది. ఫ్రాక్షనల్ లేజర్ మొదటి విడత అయ్యాక నొప్పి అంటున్నారని రెండో విడతకు ముందు మళ్లీ మత్తు క్రీము రాస్తారు. మొదటిసారి రాసింది చర్మం మీద, రెండోసారి రాసింది రంధ్రాల మీద. ప్రిలోకైన్ కలిసిన క్రీమైతే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి దెబ్బతినే ప్రమాదం కూడా దానికి తోడవుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో క్లినిక్ మెట్లెక్కే చర్మాలు చాలావరకు మామూలు చర్మాలు కావు. మంగు మచ్చల కోసమో, తెల్లబడడం కోసమో మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమును నెలల తరబడి రాసుకున్నాకనే చాలామంది డాక్టర్ దగ్గరికి వస్తారు. ఆ క్రీముల మూలం 1975లో క్లిగ్మన్, విల్లిస్ ప్రకటించిన మిశ్రమం: రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ 5 శాతం, ట్రెటినాయిన్ 0.1 శాతం, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం. ఇక్కడ అమ్ముడుపోయేది దాని మారు రూపం; హైడ్రోక్వినోన్ 2 శాతానికి, ట్రెటినాయిన్ 0.025 శాతానికి తగ్గాయి గాని, డెక్సామెథాసోన్ స్థానంలో అంతకంటే బలమైన మోమెటాసోన్ చేరింది. ట్రెటినాయిన్ పై పొరను పలచన చేస్తే, స్టెరాయిడ్ ఆ పొరలోని జిడ్డు తయారీనే అణచివేస్తుంది. అంటే క్రీము రాసుకుంటున్న కొద్దీ అదే క్రీము ఇంకా ఎక్కువగా లోపలికి దిగే పరిస్థితి ఏర్పడుతుంది. ఆపితే ముఖం మండుతుంది, ఎర్రబడుతుంది, అందుకని మళ్లీ రాస్తారు. ఇలా పాడైన ముఖాలకు మన చర్మవైద్యులు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకోవలసి వచ్చింది: స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతలను ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. కౌంటర్ దగ్గర ఆ నిబంధన ఎంత గట్టిగా అమలవుతోందో షాపుకు వెళ్లేవారికి తెలియనిది కాదు. ఇలాంటి ముఖం మీద వేసే గ్లైకాలిక్ పీల్ పుస్తకంలో చెప్పిన లోతుకు ఆగుతుందని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేరు.

లేబుల్ మీద లేనివి కూడా లోపలికి పోతాయి. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 నుంచి 2023 మధ్య వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు 22 పరిశీలిస్తే, 15 మందిలో నెల్-1 అనే ప్రోటీన్‌కు సంబంధించిన అరుదైన రూపం కనిపించింది. వారిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారు. అనుమానం ఆ క్రీముల్లోని పాదరసం మీదికి పోయింది. వారు చేయించుకున్నది పీల్ కాదు, రోలర్ కాదు, రోజూ రాసుకోవడమే. మామూలు చర్మమే ఇంత రానిచ్చినప్పుడు, అలాంటి క్రీము వాడుతూ ఆ సంగతి దాచి పీల్ చేయించుకునేవారి గురించి క్లినిక్‌లు ముందే అడిగి తెలుసుకోవాలి. క్రీము డబ్బాను వెంట తెమ్మని చెప్పడం అన్నిటికన్నా సులువైన పరీక్ష.

చికిత్స తర్వాత ఏది ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చర్మం తిరిగి కట్టుకునే వేగాన్ని బట్టి ఉంటుంది. తేలికగా పొర తీసిన చర్మం సగానికి పైగా ఒక రోజులోనే కోలుకుంటుంది, పూర్తిగా కుదుటపడడానికి మరికొన్ని రోజులు పడుతుంది. టీసీఏ పీల్, ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ వంటి వాటికి వారం నుంచి పది రోజులు. ఆ వ్యవధిలో సువాసన లేని సాదా మాయిశ్చరైజర్, పెట్రోలియం జెల్లీ చాలు. రెటినాల్, విటమిన్ సి, పండ్ల ఆమ్లాలు అన్నీ పొట్టు రాలడం ఆగాకే. సన్‌స్క్రీన్ విషయంలో మరో కోణముంది. అవోబెంజోన్, ఆక్సిబెంజోన్ వంటి వడపోత రసాయనాలు మామూలు చర్మం నుంచే రక్తంలోకి గుర్తించదగిన స్థాయిలో చేరుతున్నాయని 2019లో, 2020లో ఎఫ్‌డీఏ పరిశోధకులు చూపించారు. దాని వల్ల హాని జరుగుతుందని ఆ పరిశోధనలు అనలేదు, ఎండకు సన్‌స్క్రీన్ మానమని అసలే అనలేదు. కానీ పై పొర లేని వారం రోజులకు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటి ఖనిజాలతో చేసిన సన్‌స్క్రీన్‌ను, దానికన్నా ముందు గొడుగును, టోపీని ఎంచుకోవడానికి ఇది చాలినంత కారణం.

నియమాల సంగతి చూస్తే, అమెరికాలో 2018 మార్చిలో మొదటి మైక్రోనీడ్లింగ్ పెన్‌కు అనుమతి దొరికింది. అప్పట్లో అది 22 ఏళ్లు, ఆపైన వయసున్నవారి ముఖం మీద మొటిమల గుంటల కోసం మాత్రమే. క్రీములు, విటమిన్ ద్రావణాలు, మందులు లోపలికి పంపడానికి ఏ మైక్రోనీడ్లింగ్ పరికరానికీ తాము అనుమతి ఇవ్వలేదని ఎఫ్‌డీఏ ప్రజలకు విడిగా చెప్పవలసి వచ్చింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విటమిన్ సి మైక్రోనీడ్లింగ్ అనే ప్యాకేజీకి డబ్బు కట్టేవారు కొంటున్నది రెండు వస్తువులను: ఒక పరికరం, ఒక ద్రావణం. పరికరం గురించి, సూది పొడవు గురించి క్లినిక్‌లు ఎంతసేపైనా చెబుతాయి. ద్రావణం గురించి అడగవలసింది ఒకటే: అది ఇంజెక్షన్‌కు పనికొచ్చేంత శుభ్రంగా తయారై, ఒక్కరికే వాడి పారేసే వయల్‌లో ఉందా, లేక డ్రాపర్ మూత ఉన్న సీసాలో నిన్నటి క్లయింటుకు వాడగా మిగిలిందా?